విదేశీ ఆటగాడు వెళ్ళిపోతే తప్పెవరిది? ముందు కాంట్రాక్ట్ ఎలా ముగిసిందో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు కొచ్చిలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు, కేరళ బ్లాస్టర్స్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమాని. 2024లో స్ట్రైకర్ దిమిత్రియోస్ డయమాంటకోస్ కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. 2026 జనవరిలో కెప్టెన్ అడ్రియన్ లూనా లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, విదేశీ క్లబ్‌కు వెళ్ళాడు. మీ వాట్సాప్ గ్రూపులో సగంమంది ఆటగాణ్ణి తిడుతున్నారు, సగంమంది యాజమాన్యాన్ని తిడుతున్నారు. తప్పెవరిది, అభిమానుల సంఘంగా మేం ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఎక్కువ సందర్భాల్లో తప్పు ఆటగాడిది కాదు. క్లబ్ సకాలంలో కొత్త ఒప్పందం చేతిలో పెట్టకపోవడమో, జీతం ఇవ్వకపోవడమో, లీగ్ క్యాలెండరే గందరగోళంగా ఉండడమో కారణమవుతుంది. కానీ "ఎక్కువ సందర్భాల్లో" అన్నాను, "ప్రతిసారీ" అనలేదు. ఏ సందర్భం ఏదో తెలియాలంటే ఒకే ప్రశ్న వెయ్యాలి: అతని కాంట్రాక్ట్ ఎలా ముగిసింది? ఆటగాళ్ళ కాంట్రాక్టులు చదివే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. అది తెలిశాక కోపం ఎటు వెళ్ళాలో దానంతట అదే తేలిపోతుంది.

గడువు తీరి వెళ్ళడం

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇదే. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) క్లబ్‌లు విదేశీయులతో సాధారణంగా ఒక సీజన్‌కో, రెండు సీజన్లకో ఒప్పందం రాసుకుంటాయి. అవి చాలావరకు మే 31తో ముగుస్తాయి. ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిబంధనల్లో 18వ అధికరణ ప్రకారం, ఒప్పందం ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి ఆటగాడు వేరే క్లబ్‌తో సంతకం చేసుకోవచ్చు. అంటే మే 31న ముగిసే ఒప్పందమైతే డిసెంబర్ మొదటి వారానికే అతను స్వేచ్ఛాజీవి. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఆ కొత్త క్లబ్ పాత క్లబ్‌కు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. అది వెన్నుపోటు కాదు, నిబంధన ఇచ్చిన హక్కు.

ఇక్కడ క్లబ్‌లు చేసే పొరపాటు దాదాపు ఒకేలా ఉంటుంది. డిసెంబర్‌లో స్ట్రైకర్ మంచి ఊపు మీద ఉంటాడు. యాజమాన్యం మాత్రం "సీజన్ అయిపోనీ, ఎన్నో స్థానంలో నిలుస్తామో చూద్దాం, వచ్చే ఏడాది కోచ్ ఎవరో తేలనీ, బడ్జెట్ తేలనీ" అని ఏప్రిల్ దాకా నెట్టుకొస్తుంది. అప్పటికి ఇంకో క్లబ్ రెండేళ్ళ ఒప్పందం అతని ముందు పెట్టి ఉంటుంది. ముప్ఫై దాటిన ఆటగాడికి ఏడాదికి ఎంత అన్నదానికంటే ఎన్నేళ్ళు అన్నదే పెద్ద విషయం. మోకాలి గాయం ఒక్కటి చాలు, కెరీర్ ముగిసిపోవడానికి. పాత క్లబ్ ఒక ఏడాదికి కొంచెం ఎక్కువిస్తానన్నా, రెండో ఏడాది హామీ ఇచ్చిన చోటికే అతను మొగ్గుతాడు. మీరైనా, నేనైనా అదే చేస్తాం.

డయమాంటకోస్ సంగతి ఈ కోవలోదే. 2022లో వచ్చాడు. 2023-24లో 13 గోల్స్‌తో, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. ఒప్పందం ముగిసింది, ఈస్ట్ బెంగాల్ పిలిచింది, వెళ్ళాడు. అంతకుముందు 2022లో ఆల్వారో వాజ్‌క్వెజ్ గోవాకు వెళ్ళింది కూడా ఇలాగే. 2019-20లో బ్లాస్టర్స్‌కు 15 గోల్స్ కొట్టిన బార్తలోమ్యూ ఓగ్బెచె ఆ మరుసటి సీజన్లో ముంబై జెర్సీలో కనిపించాడు. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ ఫైనల్లో, 2022 మార్చి 20న ఫటోర్డాలో, హైదరాబాద్ పెనాల్టీల్లో 3-1తో బ్లాస్టర్స్‌నే ఓడించి కప్పు ఎత్తింది. కొచ్చిలో అప్పటి బాధ ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న మా సంతోషం కూడా అంతే పెద్దది.

క్లబ్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఏడాది ఒప్పందాలు రాసుకోవడం ప్రతిసారీ పిసినారితనం కాదు. వాజ్‌క్వెజ్ బ్లాస్టర్స్‌కు ఒక సీజన్లో 8 గోల్స్ కొట్టాడు. గోవాలో ఆ దరిదాపులకు రాలేకపోయాడు. ముప్ఫై దాటిన స్ట్రైకర్‌కు మూడేళ్ళు రాసిచ్చిన క్లబ్, రెండో ఏడాది అతను బెంచి మీద కూర్చున్నా జీతం కట్టాల్సిందే, విదేశీ కోటాలో ఒక స్థానం వదులుకోవాల్సిందే. అందుకని యాజమాన్యాన్ని "ఎందుకు పంపించారు?" అని అడగడం తప్పు ప్రశ్న. "డిసెంబర్‌లోగా అతనికి ఆఫర్ ఇచ్చారా, లేదా?" అన్నదే సరైన ప్రశ్న.

లోన్ ముగిసి వెళ్ళడం

లోన్ మీద వచ్చిన ఆటగాడు మొదటి రోజు నుంచీ మీవాడు కాదు. హోర్హె పెరేరా దియాజ్ 2021-22లో అర్జెంటీనాలోని ప్లాతెన్సె నుంచి లోన్ మీద బ్లాస్టర్స్‌కు వచ్చి 8 గోల్స్ కొట్టాడు. లోన్ అయిపోయింది, ముంబై సిటీ తీసుకుంది, 2022-23లో ముంబై లీగ్ షీల్డ్ (పాయింట్ల పట్టికలో అగ్రస్థానానికి ఇచ్చేది) గెలిచింది. అభిమానులకు మాత్రం "మనవాణ్ణి లాక్కుపోయారు" అనిపించింది.

లోన్ వార్త వచ్చిన రోజే ఒక విషయం కనుక్కోండి: ముగింపులో కొనుక్కునే హక్కు ఒప్పందంలో ఉందా? ఉంటే, వాడుకోకపోతే అప్పుడు యాజమాన్యాన్ని నిలదీయొచ్చు. లేకపోతే వీడ్కోలు తేదీ ముందే రాసి ఉన్నట్టే.

లూనాది దీనికి ఎదురు దిశలో జరిగిన లోన్. మన లీగ్ వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగియబోతుండగా కొత్తది కుదరక, 2025-26 సీజన్ వేళకు మొదలే కాలేదు. నెలల తరబడి మ్యాచ్‌లు లేకుండా సాధన మాత్రమే చేస్తూ కూర్చుంటే ఏ ఆటగాడికైనా ఫిట్‌నెస్ పోతుంది, వచ్చే ఒప్పందం బేరమూ పోతుంది. క్లబ్‌కేమో రాబడి లేని నెలల్లో జీతం భారం. ఇద్దరూ కూర్చుని లోన్‌కు ఒప్పుకున్నారు. దీంట్లో వేలెత్తి చూపాల్సింది ఆటగాడి వైపూ కాదు, క్లబ్ వైపూ కాదు. సీజన్‌ను సకాలంలో మొదలుపెట్టలేకపోయిన లీగ్ నిర్వహణ వైపు. మీ గ్రూపులో లూనాను తిడుతున్నవాళ్ళకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

రిలీజ్ క్లాజ్ కట్టి తీసుకుపోవడం

కొన్ని ఒప్పందాల్లో "ఇంత మొత్తం కడితే వదిలేస్తాం" అని ముందే రాసి ఉంటుంది. ఆ మొత్తం ఎవరు కట్టినా, ఆటగాడు సరేనంటే, క్లబ్ ఆపలేదు. ప్రపంచంలో అభిమానుల కోపానికి అతి పెద్ద ఉదాహరణ ఇక్కడే ఉంది. 2000 జులైలో పోర్చుగల్ ఆటగాడు లూయీ ఫిగో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళాడు. మాడ్రిడ్ కట్టింది 1,000 కోట్ల పెసేటాలు. అది అతని కాంట్రాక్ట్‌లో రాసి ఉన్న అంకె. ఆ అక్టోబర్‌లో అతను బార్సిలోనా స్టేడియం కామ్ నౌకు తిరిగి వచ్చినప్పుడు స్టేడియం మొత్తం ఈలలతో, తిట్లతో దద్దరిల్లింది. 2002 నవంబర్‌లో అయితే కార్నర్ కొట్టడానికి వెళ్తే సీసాలు, లైటర్లు, చివరకు పంది తల కూడా విసిరారు. మ్యాచ్‌ను కాసేపు ఆపాల్సి వచ్చింది.

ఫిగో విషయంలో అభిమానుల కోపానికి ఆధారం ఉంది, ఎందుకంటే అతను గడువు మధ్యలో, తన ఇష్టంతో, సరాసరి ప్రత్యర్థి ఇంటికి వెళ్ళాడు. సీసాలు విసరడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. అలాంటి చోట నష్టపోయేది చివరికి ఆతిథ్య క్లబ్బే: జరిమానా, స్టేడియం మూసివేత, ప్రేక్షకులు లేని మ్యాచ్.

మన దగ్గర ఈ తలుపు గుండా వెళ్ళినవారిలో బాగా తెలిసినది హ్యూగో బూమూస్. 2020లో గోవా నుంచి ముంబై తీసుకుంది. కోచ్ సెర్జియో లోబెరా, అహ్మద్ జాహూ, మూర్తాదా ఫాల్ కూడా అటే వెళ్ళారు. మరుసటి సీజన్లో ముంబై షీల్డ్, కప్పు రెండూ గెలిచింది. గోవా అభిమానులు ఒకే వేసవిలో జట్టు వెన్నెముకనంతా కోల్పోయారు. ఒక కోచ్ వెళ్తే వెనకే ముగ్గురు వెళ్తారన్నది విదేశీ ఆటగాళ్ళ విషయంలో మామూలే. వాళ్ళను తెచ్చింది క్లబ్ కంటే ఎక్కువగా ఆ కోచే. అందుకే కోచ్ మారుతున్న వార్త వచ్చిన రోజే, అతను తెచ్చిన ఆటగాళ్ళ ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తాయో చూసుకోవాలి.

జీతం అందక వెళ్ళడం: ఇక్కడ కొంచెం ఆగి చదవండి

అభిమానులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సీజన్ మధ్యలో, పాయింట్ల పట్టికలో అడుగున ఉన్నప్పుడు విదేశీ ఆటగాడు విమానం ఎక్కేస్తాడు. "మునిగే పడవను వదిలేసి పారిపోయాడు" అని పోస్టులు పడతాయి. చాలాసార్లు జరిగింది వేరు.

ఫిఫా నిబంధనల్లో 2018 జూన్ నుంచి 14బిస్ అనే అధికరణ ఉంది. పని చేసే తీరు ఇదీ:

ముందు, కనీసం రెండు నెలల జీతం గడువు దాటి బకాయి పడాలి. తర్వాత, ఆటగాడు క్లబ్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, బకాయి మొత్తం కట్టడానికి కనీసం 15 రోజుల గడువివ్వాలి. ఆ 15 రోజుల్లో పూర్తిగా కట్టకపోతే "న్యాయమైన కారణం"తో ఒప్పందం రద్దు చేసుకుని వెళ్ళొచ్చు. క్లబ్ అతనికి పరిహారం కట్టాలి, అతను కట్టక్కర్లేదు.

దీంట్లో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే: కొందరు నోటీసు ఇవ్వకుండానే కోపంతో వెళ్ళిపోతారు. అప్పుడు కేసు బలహీనపడుతుంది, క్లబ్ తిరగబడి "నువ్వే ఒప్పందం ఉల్లంఘించావు" అంటుంది. నోటీసు వాట్సాప్‌లో పంపి సరిపెట్టుకునేవారూ ఉంటారు. క్లబ్ అధికారిక ఈమెయిల్‌కు, అందినట్టు రుజువు ఉండేలా పంపడం ముఖ్యం. క్లబ్‌ల ఎత్తుగడ ఇంకొకటుంది: పద్నాలుగో రోజున సగం కడతారు. సగం కడితే నిబంధన ప్రకారం "పూర్తిగా" కట్టినట్టు కాదు, కానీ ఆటగాడు మెత్తబడి ఆగిపోతాడు, మళ్ళీ రెండు నెలలు గడుస్తాయి.

విదేశీ ఆటగాడికీ భారత ఆటగాడికీ తేడా వచ్చేదీ ఇక్కడే. క్లబ్ ఒక దేశానిది, ఆటగాడు ఇంకో దేశంవాడు అయితే గొడవ నేరుగా ఫిఫా ట్రైబ్యునల్‌కు వెళ్తుంది. రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. తీర్పు వచ్చాక, క్లబ్‌కు ఖాతా వివరాలు అందిన రోజు నుంచి 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం పడుతుంది. గరిష్ఠంగా మూడు వరుస ట్రాన్స్‌ఫర్ విండోల (ఆటగాళ్ళను నమోదు చేసుకునే గడువుల) దాకా. భారత ఆటగాడు మాత్రం భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) కమిటీ ముందు వరుసలో నిలబడాలి. అందుకే నిషేధం వార్తల్లో ఎప్పుడూ విదేశీ పేర్లే కనిపిస్తాయి. దాన్ని చూసి "విదేశీవాళ్ళకు డబ్బు యావ ఎక్కువ" అనుకోవడం అన్యాయం. జీతం అందని స్థానిక కుర్రాళ్ళు, ఫిజియో, కిట్ మ్యాన్ అదే క్లబ్‌లో నోరు మూసుకుని పనిచేస్తూ ఉంటారు. విదేశీ ఆటగాడి కేసు వల్లే ఆ సంగతి బయటికొస్తుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ తెలుగువాళ్ళందరికీ గుర్తుండాలి. 2021-22లో ఛాంపియన్లు. 2022-23లో లీగ్‌లో రెండో స్థానం. 2023 వేసవిలో కోచ్ మనోలో మార్కెజ్ గోవాకు వెళ్ళాడు, ఓగ్బెచె సహా పాత జట్టు చెదిరిపోయింది. 2023-24లో జీతాల బకాయిలు, నమోదు నిషేధం వార్తలు వస్తూనే ఉన్నాయి. సీజన్ మధ్యలోనే విదేశీయులు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. మొత్తం సీజన్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. కుర్రాళ్ళు బరువంతా మోశారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో పాటలు పాడిన డెక్కన్ లీజియన్ అభిమానులకు ఆటగాడు కాదు, జట్టే పోయింది. ఆటగాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడు వాళ్ళను తిట్టడం మీద పెట్టిన శక్తిలో కొంతైనా క్లబ్ ఖాతాల మీద ప్రశ్నలుగా మార్చి ఉంటే ప్రమాదం తీవ్రత ముందే అర్థమయ్యేది. వరుసగా ఇద్దరు ముగ్గురు విదేశీయులు సీజన్ మధ్యలో వెళ్తే అది వాళ్ళ గుణం గురించి కాదు, క్లబ్ గల్లాపెట్టె గురించి చెప్తున్న వార్త.

"పరస్పర అంగీకారం" అనే మాట వెనక

ప్రకటనలో ఈ మాట కనిపిస్తే సాధారణంగా మిగిలిన జీతంలో కొంత ఇచ్చి, మిగతాది వదులుకునేలా రాజీ కుదిరిందని అర్థం. గాయం, కోచ్‌తో పడకపోవడం, కోటాలో స్థానం ఖాళీ చెయ్యాల్సి రావడం, ఏదైనా కావచ్చు. ఇద్దరూ బయట మాట్లాడకూడదన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. ఆటగాడు ఎందుకు నోరు విప్పడం లేదని కోప్పడకండి, విప్పితే అతని డబ్బు పోతుంది.

అసలు విదేశీ ఆటగాడు పోతే ఇంత బాధెందుకు?

లెక్క చూస్తే తెలుస్తుంది. ఐఎస్‌ఎల్ మొదలైన 2014లో మైదానంలో ఒకేసారి ఆరుగురు విదేశీయులు ఆడేవారు. 2017 నుంచి ఐదుగురు. 2021-22 నుంచి నలుగురే. స్ట్రైకర్, సృజన ఉన్న మిడ్‌ఫీల్డర్, సెంటర్ బ్యాక్: జట్టు నడిచే ఇరుసులన్నీ ఆ నలుగురి చేతుల్లోనే పెడతారు. ఒక్కడు పోతే పదకొండులో ఒకడు పోయినట్టు కాదు, దాడి చేసే పద్ధతే మారిపోతుంది. పైగా కొత్తవాడు వీసా తెచ్చుకుని, వైద్య పరీక్ష దాటి, అంతర్జాతీయ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అంది, ఇక్కడి ఉక్కపోతకు అలవాటు పడేసరికి ఐదారు మ్యాచ్‌లు గడిచిపోతాయి. ఇక్కడే ఇంకో క్లబ్‌లో ఆడుతున్నవాడికి ఈ తంటాలు చాలావరకు లేవు: సర్టిఫికెట్ అక్కర్లేదు, వాతావరణం తెలుసు, రిఫరీలు తెలుసు. డయమాంటకోస్‌లాంటివాళ్ళను మన క్లబ్‌లే ఒకదాన్నుంచి ఇంకొకటి లాక్కోవడానికి అసలు కారణం అదే.

లెక్కలో పట్టని భాగం కూడా ఉంది. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చి, మన భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుని, మన స్టాండ్ ముందుకొచ్చి చేతులు జోడించినవాణ్ణి జనం ఇంటి మనిషిని చేసుకుంటారు. కోల్‌కతాలో ఇది తరాలుగా చూస్తున్నదే. 1980లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన ఇరాన్ ఆటగాడు మజీద్ బిష్కర్ అక్కడున్నది కొద్ది కాలమే, తర్వాత మహమ్మదన్ స్పోర్టింగ్‌కు వెళ్ళాడు. అయినా 2019 ఆగస్టులో క్లబ్ శతాబ్ది వేడుకలకు అతను తిరిగి వస్తే విమానాశ్రయంలో అర్ధరాత్రి జనం కిటకిటలాడారు. మోహన్ బగాన్‌కు ఆడిన బ్రెజిల్ ఆటగాడు జోసె బరెటో 2004లో వెళ్ళిపోయి, 2006లో తిరిగి వచ్చి, 2012 దాకా ఆడి, కన్నీళ్ళ మధ్య సెలవు తీసుకున్నాడు. 2004లో వెళ్ళేటప్పుడు తలుపులు మూసేసి ఉంటే ఆ రెండో అధ్యాయం ఉండేదే కాదు. అందుకే చెప్తున్నాను: వెళ్ళే రోజున మీరు రాసే మాటలు అతనికి చేరతాయి. తిరిగి రావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు గుర్తుకొస్తాయి. ఏజెంట్లు ఆ స్క్రీన్‌షాట్లు దాచుకుంటారు కూడా. కొత్త ఆటగాడితో బేరం నడుస్తున్నప్పుడు "అక్కడి అభిమానులు ఎలాంటివాళ్ళు" అన్న ప్రశ్న నిజంగానే వస్తుంది.

వార్త వచ్చిన రోజు ఏం చూడాలి

మొదట, క్లబ్ ప్రకటనలో వాడిన మాట. "ఒప్పందం ముగిసింది", "లోన్ మీద", "రుసుముకు ఒప్పుకున్నాం", "పరస్పర అంగీకారం": నాలుగూ నాలుగు వేర్వేరు కథలు. ఆటగాడు రాసిన పోస్టులో క్లబ్ పేరు, సిబ్బంది, అభిమానులు ముగ్గురూ ఉన్నారో లేదో చూడండి. అభిమానులకు, కిట్ మ్యాన్‌కు మాత్రమే ధన్యవాదాలు చెప్పి యాజమాన్యం ఊసెత్తకపోతే లోపల ఏదో జరిగిందని అనుమానించవచ్చు, తేల్చి చెప్పలేం.

రెండోది, తేదీ. మే ఆఖరైతే గడువు తీరినట్టు. జనవరి అయితే విండో. నవంబర్‌లోనో, ఫిబ్రవరి చివర్లోనో, విండో మూసి ఉన్నప్పుడు వెళ్తే జీతమో, గాయమో, కుటుంబ కారణమో.

మూడోది, ఫిఫా వెబ్‌సైట్‌లో నమోదు నిషేధాల జాబితా అందరికీ కనిపించేలా పెట్టారు. దేశం పేరు ఎంచుకుంటే క్లబ్‌లు కనిపిస్తాయి. వదంతులు పంచే ముందు అది చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఒక హెచ్చరిక. జీతాల అంకెలు చెప్పే పోస్టులను నమ్మకండి. ఒప్పందాల్లో ఒక అంకె పన్ను పోగా చేతికొచ్చేది, ఇంకోటి పన్నుతో కలిపినది, వీటి పైన ఇల్లు, కారు, కుటుంబానికి విమాన టికెట్లు, గోల్ బోనస్ ఉంటాయి. బయట తిరిగే అంకె వీటిలో ఏదో చెప్పకుండా తిరుగుతుంది. దాన్ని పట్టుకుని "ఇంత అడిగాడట" అని తిట్టడానికి ఆధారం లేదు.

సంఘంగా మీరు చెయ్యగలిగేవి

వీడ్కోలు మ్యాచ్ ఉంటే దాన్ని వాడుకోండి. 2025 ఆగస్టులో దక్షిణ కొరియా ఆటగాడు సన్ హ్యూంగ్-మిన్ లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌ను పదేళ్ళ తర్వాత వదిలిన తీరు నాకు తెలిసినవాటిలో అందమైనది. సియోల్‌లో మ్యాచ్ ముందు రోజు తనే చెప్పాడు. న్యూకాజిల్‌తో ఆ మ్యాచ్‌లో బయటికి వస్తుంటే రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. లండన్ అభిమానులకు ఎదురుగా సెలవు చెప్పలేకపోయాడన్న కొరత మిగిలితే, డిసెంబర్‌లో స్లావియా ప్రాగ్ మ్యాచ్ రోజున స్టేడియంకు వచ్చి అదీ తీర్చాడు. మెస్సీకి 2021లో ఆ అవకాశం దొరకలేదు. జూన్ 30న గడువు తీరింది, ఆగస్టు 5న బార్సిలోనా ఇక కుదరదని ప్రకటించింది, ఆగస్టు 8న కన్నీళ్ళతో విలేకరుల సమావేశం, రెండు రోజుల్లో ప్యారిస్. క్లబ్ స్టేడియంలో అతనికి అభిమానుల ముందు ఒక్క నిమిషం కూడా దక్కలేదు. సగం జీతం తగ్గించుకుంటానన్నా లీగ్ జీతాల పరిమితిలో అతన్ని నమోదు చేసే చోటు క్లబ్‌కు లేకపోయింది. ఆ కోపం అక్కడి అభిమానుల్లో చాలామంది పాత పాలకవర్గం మీదే పెట్టారు. సరైన చోటే పెట్టారు.

మీ దగ్గర వీడ్కోలు మ్యాచ్ ఖాయమని తెలిస్తే బ్యానర్ గురించి రెండు ముక్కలు. ఫ్లెక్స్ వద్దు. బరువు, మడతపెడితే పగులుతుంది, వెలుగుకు మెరిసి కెమెరాలో అక్షరాలు కనపడవు. కోరా గుడ్డ మంచిది. 30 అడుగులు × 20 అడుగుల బ్యానర్‌కు 44 అంగుళాల పన్నా గుడ్డ ఆరు పట్టీలు కావాలి. కుట్లతో, అంచులతో కలిపి 60 మీటర్లు తీసుకోండి. అక్షరాలకు మాత్రమే అయితే నీళ్ళు కలిపిన ఎమల్షన్ రంగు నాలుగైదు లీటర్లు సరిపోతుంది. చిక్కగా పూస్తే ఆరాక పెళుసై రాలుతుంది. అక్షరం ఎత్తు ఐదడుగులకు తగ్గితే ఎదురు స్టాండ్ నుంచి చదవలేరు. కనీసం రెండు రాత్రులు ఆరనివ్వాలి. బ్యానర్ కొలతలు, దాని మీద రాసే మాటలు క్లబ్ భద్రతా అధికారికి మ్యాచ్‌కు కొన్ని రోజుల ముందే పంపి ఈమెయిల్‌లో అనుమతి తీసుకోండి. గేటు దగ్గర నోటిమాట చెల్లదు. కర్రలు, ఇనుప పైపులు ఎలాగూ లోపలికి రానివ్వరు.

చెయ్యకూడనివి గురించి మొహమాటం లేకుండా చెప్తాను. అతని భార్యనో, పిల్లలనో ట్యాగ్ చేసి రాయడం, రంగు గురించి, దేశం గురించి మాట్లాడటం, ఫ్లాట్ చిరునామా పంచడం: వీటిలో ఏది చేసినా ఆ వ్యక్తిని గ్రూపులోంచి అప్పటికప్పుడే తీసేయాలి. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్ళకు మన దేశంలో ఇది ఎంత ఎక్కువగా ఎదురవుతుందో దగ్గరగా చూస్తున్నవాళ్ళకు తెలుసు. జెర్సీ తగలబెట్టే వీడియో కూడా వద్దు. ఆ వీడియో పది కాలాలపాటు క్లబ్ పేరుతోనే తిరుగుతుంది.

ప్రత్యర్థి జెర్సీలో తిరిగి వస్తే? వార్మప్‌లో పేరు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టండి. విజిల్ మోగాక తొంభై నిమిషాలు అతను ప్రత్యర్థే, బంతి తాకినప్పుడల్లా అరవండి, తప్పులేదు. 2022లో మోహన్ బగాన్‌ను వదిలి బెంగళూరుకు వెళ్ళిన ఫిజీ స్ట్రైకర్ రాయ్ కృష్ణ, 2023 మార్చి ఫైనల్లో పాత జట్టు మీదే గోల్ కొట్టాడు. చివరికి పెనాల్టీల్లో గెలిచింది మోహన్ బగానే. అతను గోల్ కొట్టడం ద్రోహం కాదు, జీతానికి న్యాయం.

ఇక యాజమాన్యానికి రాసే ఉత్తరం. చాలా సంఘాలు ఆటగాడు వెళ్ళాక, జూన్‌లో, నిరసన ప్రకటన విడుదల చేస్తాయి. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగలదు. మీరు నవంబర్ మొదట్లోనే రాయండి. ఒక పేజీ దాటొద్దు. నాలుగు ప్రశ్నలు చాలు: మే 31తో ఎంతమంది విదేశీయుల ఒప్పందాలు ముగుస్తున్నాయి, వారిలో ఎవరెవరికి డిసెంబర్‌లోగా రాతపూర్వక ఆఫర్ ఇస్తారు, లోన్ మీద ఉన్నవారిలో ఎవరికి కొనుగోలు హక్కు ఉంది, ఆటగాళ్ళకు, సిబ్బందికి ఏ నెల దాకా జీతాలు అందాయి. మొదటి మూడింటికి "వ్యాపార రహస్యం" అని జవాబు రావచ్చు, దాన్ని అర్థం చేసుకోవచ్చు. నాలుగో దానికి కూడా అదే జవాబొస్తే దాన్ని వదలకండి. రెండు వారాలాగి మళ్ళీ రాయండి, ఈసారి లైసెన్సింగ్ చూసే ఏఐఎఫ్‌ఎఫ్ విభాగానికి ప్రతి జతచేయండి. క్లబ్ లైసెన్స్ ఇచ్చేటప్పుడు వాళ్ళు చూసే విషయాల్లో జీతాల బకాయి ఒకటి.